నీలం బండి

గడియారాల మెకానిక్‌కి కుడికన్ను తిరిగొచ్చిన పదకొండో నెలలో ఆవిడ మొదటిసారి దుకాణానికి వచ్చింది.

ఎడమకన్ను అతనికి పుట్టుకతోనే మందం. వెలుగూ నీడా తప్ప ఇంకేమీ ఆనదు. ఉన్న ఒక్క కుడికన్నుకీ పుండు పడి, నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మేసింది. రెండేళ్ళు దుకాణం షట్టరు ఎత్తలేదు. భార్య మిల్లులో దారం కండెలు చుట్టే పనికి వెళ్తే ఇల్లు గడిచింది. అలాంటిది ఒకరోజు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఎవరో పోయారు, కళ్ళు ఇచ్చారు, ఉన్నపళంగా బయల్దేరి రమ్మన్నారు. ఆ ఎవరో ఎవరని అడిగితే చెప్పే పద్ధతి లేదన్నారు. కట్టు విప్పిన రోజు డాక్టరు చొక్కా బొత్తానికున్న నాలుగు చిల్లులూ విడివిడిగా కనిపించేసరికి అతను చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కుట్లు తడుస్తాయని డాక్టరు కసిరాడు.

తర్వాత ఆసుపత్రివాళ్ళు, కళ్ళు దానం చెయ్యండంటూ ఒక కరపత్రం వేశారు. అందులో అతని ఫొటో వేసి, కింద ఆపరేషన్ జరిగిన తేదీ వేశారు. ఊరూ పేరూ లేకపోయినా, కంటికి భూతద్దం తగిలించుకుని వాచీ ముందు వంగిన మనిషిని వెతికి పట్టుకోవడం ఎంతసేపు?

ఆవిడ ఆ కరపత్రాన్ని మడతలు విప్పి గాజుబల్ల మీద పెట్టింది. యాభై దాటిన మనిషి. ఉతికిన చీరే, దువ్విన జుట్టే. కళ్ళకింద మాత్రం నిద్రలేని నలుపు.

"ఇది నువ్వేనా బాబూ?"

"నేనేనమ్మా."

"ఆ రోజు ఇద్దరికే పెట్టారట కళ్ళు. ఒకటి మూడేళ్ళ పసిదానికి. రెండోది నీకు. దానికి ముందురోజే మా పిల్ల పోయింది, దాని కళ్ళు ఇచ్చాం."

మెకానిక్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడైనా ఇలాంటి మనిషి ఎదురైతే ఏం మాట్లాడాలో ఈ పదకొండు నెలల్లో చాలాసార్లు అనుకున్నాడు. ఇప్పుడు మాత్రం స్టూలు ముందుకు జరిపాడు. ఆవిడ కూర్చుని, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు చెప్పుకొచ్చింది.

కూతురు మందుల దుకాణంలో పనిచేసేది. పొద్దున్నే తాళాలు తీసేది ఆ పిల్లే. ఆరున్నరకి సైకిలు మీద వెళ్తుంటే వంతెన దిగువ మలుపులో ఏదో బండి గుద్ది వెళ్ళిపోయింది. చూసినవాళ్ళు లేరు. పోలీసులు నాలుగు నెలలు తిప్పించుకుని, ఆనవాళ్ళు దొరకలేదని కాగితాలు కట్టిపెట్టేశారు.

"నేనొకటి అడుగుతాను, నవ్వకూడదు" అంది.

"నవ్వనమ్మా."

"పూర్వం ఒక సినిమా వచ్చింది. పిల్లనగ్రోవి ఊదే గుడ్డివాడికి, చచ్చిపోయిన కలప షావుకారు కళ్ళు పెడతారు..."

మెకానిక్‌కి ఆ సినిమా తెలుసు. చిన్నప్పుడు రేకుల హాల్లో, బెంచీ టిక్కెట్టు మీద చూశాడు. పేరు ఎవరికీ సరిగా గుర్తుండదు కాని, కథ చెప్తే అందరూ "ఓ, అదా" అని నవ్వుతారు. షావుకారుని కొండమీంచి తోసేస్తారు. ఆ కొండ గుడ్డమీద వేసిన బొమ్మ. గాలేస్తే శిఖరం అలలు అలలుగా ఊగుతుంది. కిందపడేది గడ్డి కుక్కిన చొక్కా, లాగూ. దాని పాదం ఒకటి వెనక్కి తిరిగి ఉంటుంది. హీరో కారూ విలన్ కారూ ఒకటే, నంబరు పలక మారుతుంది, అంతే. ఆపరేషను చేసే డాక్టరే తర్వాతి సీనులో గడ్డం తగిలించుకుని దొంగై వస్తాడు. గుడ్డివాడికి కట్టు విప్పగానే ఎదురుగా ఉన్న నర్సు కనిపించదు. షావుకారు చివరగా చూసిన మొహం, అంటే తోసినవాడి మొహం కనిపిస్తుంది. ఆ మొహాన్ని పట్టుకుని వాడు హంతకుణ్ణి వెతుకుతాడు.

"టీవీలో ఎప్పుడొచ్చినా నేనూ, మా పిల్లా పడీపడీ నవ్వేవాళ్ళం" అంది ఆవిడ. "ఆ కొండ ఊగినప్పుడల్లా అది దిండు మొహానికి అడ్డం పెట్టుకునేది. నాకు పిచ్చెక్కలేదు బాబూ. అలా జరగదని నాకూ తెలుసు. అయినా, అడక్కుండా ఎలా ఉండను? నీకేమైనా కనిపించిందా?"

"లేదమ్మా. డాక్టరు చొక్కా బొత్తాలు కనిపించాయి."

ఆవిడ తలూపింది. కరపత్రం మళ్ళీ అవే మడతల్లో మడిచి, వెళ్ళిపోయింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ. ఏమీ అడిగేది కాదు. స్టూలు మీద కూర్చుని, అతని కుడికన్నునే చూస్తూ ఉండేది. అతను వెంట్రుకంత సన్నని స్ప్రింగుని ట్వీజరుతో పట్టుకుని అమరుస్తుంటే, ఆ చూపు మొహమ్మీద వేడిగా తగిలేది. ఒకరోజు రెండు వాచీలు పాడుచేశాడు.

ఇంట్లో చెప్పుకుని బాధపడ్డాడు. "రావద్దని చెప్పలేను. ఆవిడ పెట్టిన కన్నాయె. కూర్చున్నంతసేపూ ఇచ్చిన అప్పు అడగడానికొచ్చి, నోరు తెరవలేక కూర్చున్నట్టుంటుంది."

"కూర్చుంటే కూర్చోనివ్వండి, ఏం పోయింది?" అంది భార్య. "కూతురి కన్ను చూసుకుంటోంది. మనమైతే చూడమా?"

అయిదోసారి వచ్చినప్పుడు ఆవిడ కూర్చోలేదు. బల్లమీద రెండు చేతులూ ఆనించి అడిగింది. "కలలో అయినా రాలేదా బాబూ? ఏదైనా. ఒక చక్రం. ఒక రంగు. నాకు నిద్ర పట్టట్లేదు. కళ్ళు మూస్తే బండి వస్తుంది, దానికి రంగుండదు. ముందు భాగం ఉండదు. ఉత్త చప్పుడే. రంగైనా తెలిస్తే పడుకుంటాను."

మెకానిక్ తలెత్తాడు. ఆవిడ భుజం మీదుగా వీధి కనిపిస్తోంది. ఎదురు హోటలు ముందు నీళ్ళ డబ్బాలు దింపే చిన్న లారీ ఆగి ఉంది. నీలం రంగు. ఎడమవైపు లైటు పగిలి, ఆ గుంటలో గుడ్డ కుక్కి ఉంది.

"నీలం అమ్మా" అన్నాడు.

అన్నాక గాని అన్నానని తెలియలేదు.

"కలలోనే. రెండు మూడు సార్లు వచ్చింది. నీలం రంగు బండి. సామాన్లు మోసేది. ఎడమవైపు లైటు లేదు."

"మనిషి?"

"మనిషి కనిపించలేదు."

ఆవిడ అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చింది. వచ్చిన అయిదుసార్లలో ఏడవడం అదే మొదలు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, అతని తలమీద చెయ్యి పెట్టి, "నువ్వు చల్లగా ఉండు నాయనా" అని వెళ్ళింది.

సంగతి విని భార్య చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "అదేం పని? అలా ఎందుకు చెప్పారు?"

"ఊళ్ళో నీలం బండ్లు వందుంటాయి. ఎక్కడని వెతుకుతుంది? ఆవిడ ప్రాణం కుదుటపడింది, నువ్వు చూడలేదు గాని."

"మీ ప్రాణం కుదుటపడింది" అంది భార్య. కింద పెట్టిన గిన్నె మళ్ళీ ఎత్తుకుంది.

ఆవిడ మళ్ళీ రాలేదు. మూడువారాలు అతను హాయిగా పనిచేసుకున్నాడు.

నాలుగో వారంలో ఒక రోజు, పదిన్నర పదకొండు వేళ, వీధిలో కేక వినిపించి తలెత్తాడు. హోటలు ముందు నీళ్ళ డబ్బాల డ్రైవరు నేలమీద పడి ఉన్నాడు. వాడి చుట్టూ డబ్బాలు దొర్లుతున్నాయి. ముప్పై అయిదేళ్ళవాడొకడు ఇనపరాడ్డుతో వాడి మోకాళ్ళమీద కొడుతున్నాడు. ఒక దెబ్బ కొట్టడం, "చెప్పరా" అని అరవడం. మళ్ళీ ఒక దెబ్బ. హోటల్లోవాళ్ళు బయటికొచ్చి గోడకి అంటుకుపోయారు.

వీధి మలుపులో ఆవిడ నిలబడి ఉంది. మెకానిక్‌ని చూసింది. చూసి, అవునన్నట్టు తలూపింది.

"ఆగండి! వాడు కాదు!" అని అరవాలనుకుంటూనే లేచాడు. కాళ్ళు కదిలి దుకాణం గడప దాటేసరికి ఆ రాడ్డు ఎన్నిసార్లు లేచి దిగిందో! ఆఖరికి ఎలాగో కొట్టేవాడి నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. "వాడు కాదు, వాడు కాదయ్యా!"

"నీకేం తెలుసు?" అని వాడు విదిలించుకున్నాడు. "మా అక్క వారంరోజులు ఈ బండి వెనకాలే తిరిగింది. మా పిల్లని చంపింది వీడే."

"ఆ మాట చెప్పింది నేనే. అబద్ధం చెప్పాను."

వాడికి అది అర్థం కాలేదు. పోలీసులు వచ్చేదాకా రాడ్డు పట్టుకునే నిలబడ్డాడు. పారిపోలేదు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు మెకానిక్ చెప్పిందంతా విన్నాడు. మధ్యలో కలం కింద పెట్టాడు.

"ఏ సినిమా అన్నావ్? ఆ కొండ ఊగే సినిమానా?"

"అదేనండి."

పక్కబల్ల దగ్గరున్న జవాను కిసుక్కున నవ్వి, ఇన్‌స్పెక్టరు మొహం చూసి ఆపేశాడు. ఇన్‌స్పెక్టరు బండి కాగితాలు తిప్పాడు. డ్రైవరు ఆ బండిని కొన్నది పిల్ల పోయిన నాలుగు నెలలకి. అంతకుముందు ఆర్నెల్లు అది ఇంజను విప్పేసి ఒక షెడ్డులో పడి ఉంది. అప్పుడు దాని రంగు తెలుపు. నీలం వేసుకున్నది వీడే, తన చేత్తో, బ్రష్షు కొని. లైటు పగిలింది మొన్నమొన్ననే, హోటలు మెట్లకి తగిలి.

"నీలం కాకుండా ఇంకే రంగూ తోచలేదా నీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అది తిట్టులా లేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగినట్టుంది.

మర్నాడు అతను ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఒకటే గది. గోడకి కూతురి ఫొటో ఉంది. మందుల దుకాణం తెల్లకోటులో, నవ్వు ఆపుకుంటూ. అతను ఆ ఫొటో వైపు చూడకుండా, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. కల రాలేదు. ఏమీ కనిపించలేదు. వీధిలో ఆగి ఉన్న బండిని చూసి చెప్పాను. మీ పిల్ల పోయేనాటికి ఆ బండి తిరగనే లేదు.

ఆవిడ విని, "నిన్ను బెదిరించారు" అంది.

"ఎవరూ బెదిరించలేదమ్మా."

"అందులో కూడా అంతే. విలన్ మనుషులొచ్చి భయపెడితే వాడు కోర్టులో మాట మారుస్తాడు. ఏమీ కనిపించలేదంటాడు."

"అమ్మా, అది సినిమా! డాక్టర్ని అడగండి. పెట్టింది కంటిమీది పల్చటి పొర ఒక్కటే. వాచీకి అద్దం మార్చినట్టు. అద్దం మారిస్తే పాత టైము వస్తుందా?"

ఆవిడ చేతులు ఒళ్ళో కట్టుకుంది.

"మా ఇంట్లో మగదిక్కు వాడొక్కడే. నా చిన్న తమ్ముడు. ఎత్తుకుని పెంచాను" అంది. "నువ్వు చెప్పింది అబద్ధమైతే వాడు జైల్లో ఎందుకున్నట్టు? చెప్పు. ఎవర్ని కొట్టినట్టు?"

అతను గుమ్మంలోంచి కదల్లేదు.

"వెళ్ళు. నిజమే చెప్పావు. ఇప్పుడు భయపడుతున్నావు. వెళ్ళు."

డ్రైవరు ప్రాణానికి ప్రమాదం తప్పింది. ఎడమ మోకాలు మాత్రం పిండిపిండి అయింది. రెండు ఆపరేషన్లయ్యాక డాక్టర్లు, ఆ కాలు ఇక వంగదన్నారు. మెకానిక్ ఆసుపత్రికి వెళ్ళింది రెండో ఆపరేషన్ తర్వాత. అంతకుముందు రెండుసార్లు వార్డు తలుపుదాకా వెళ్ళి తిరిగొచ్చేశాడు. ఈసారి భార్య వెంట వచ్చి, తలుపు దగ్గర వీపుమీద చెయ్యేసి లోపలికి నెట్టింది.

డ్రైవరుకి నలభై లోపే ఉంటుంది. తిన్నగా చాచిన కాలికి తొడదాకా కట్టు. హోటలుకి వచ్చినప్పుడల్లా "మాస్టారూ, టైమెంతైంది?" అని అరిచేవాడు, గడియారాల కొట్టువాణ్ణి టైమడగడం వాడికి రోజూ కొత్త సరదాయే. ఇప్పుడు వాడు పలకరించలేదు. మెకానిక్ మొత్తం చెప్పేదాకా ఊరుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నన్నెందుకు కొట్టారో సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు" అన్నాడు చివరికి. "పోలీసులేమో ఏదో పొరపాటంటారు. పొరపాటు ఎవరిదో చెప్పరు."

"నాదే."

"ఆ సినిమా నేనూ చూశాను మాస్టారూ. మా నాన్న భుజమ్మీద కూర్చోబెట్టుకుని చూపించాడు. ఎంత పిచ్చి సినిమా అయినా, అందులో దొరికేది హంతకుడే కదా?"

మెకానిక్ తల దించుకున్నాడు.

"క్షమించమని మాత్రం అడక్కండి. నాకు చేతకాదు" అన్నాడు డ్రైవరు. "బండి పోలీసుల దగ్గరుంది. సాక్ష్యమట. హోటళ్ళకి నీళ్ళు ఆపితే ఇంకోడు దూరతాడని నా పెళ్ళాం తోపుడుబండి మీద డబ్బాలేసుకుని తిరుగుతోంది. ఒక్కో డబ్బా ఇరవై లీటర్లు. రెండో అంతస్తుకి మోస్తోంది. మీరెళ్ళి మొయ్యండి."

ఆ మాటతో మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మర్నాడు తెల్లారి మెకానిక్ నీళ్ళ ప్లాంటు దగ్గరికి వెళ్ళాడు. డ్రైవరు భార్య బక్కపల్చటి మనిషి. ఎవరో, ఎందుకొచ్చాడో ఆమెకి ముందే తెలిసినట్టుంది. బండి రెండో పక్కకి వేలు చూపించింది, అంతే. ఆరునుంచి తొమ్మిదిదాకా నలభై డబ్బాలు. వంతెన దాటించి, బజారు చుట్టి, హోటళ్ళకీ ఆఫీసులకీ మెట్లెక్కించి, ఖాళీవి దింపుకోవాలి. మొదటివారం భుజాలు వాచిపోయాయి. దుకాణంలో స్క్రూడ్రైవరు పట్టుకుంటే వేళ్ళు మాట వినేవి కావు.

"బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. కంటికి తేడా వస్తే మళ్ళీ ఇంకో కన్ను ఎవరిస్తారు?" అని భార్య ఒకరోజు గట్టిగానే అడిగింది. అతను చొక్కా విప్పి భుజం చూపించాడు. ఆమె నూనె రాసింది.

కేసు ఏడాది నడిచింది. మెకానిక్ కోర్టులో చెప్పాడు. ఆ సినిమా కథ చెప్పమన్నప్పుడు అదీ చెప్పాడు. గడ్డి కుక్కిన లాగూ దగ్గర కోర్టు హాలంతా నవ్వింది. జడ్జి నవ్వలేదు. తమ్ముడికి అయిదేళ్ళు పడింది. తీసుకెళ్తుంటే వాడు మెకానిక్ పక్కగా వచ్చి, "మా అక్క నీ ఒక్కడి మాటే నమ్మింది, నన్ను కూడా అంత నమ్మలేదు" అని పోయాడు. మెకానిక్‌కి ఏ శిక్షా పడలేదు. కలొచ్చిందని అబద్ధం చెప్పడానికి ఏ సెక్షనూ లేదని లాయరు చెప్పాడు. వీధిలోవాళ్ళు మాత్రం అతనికి "షావుకారు కళ్ళు" అని పేరు పెట్టారు. మొదట్లో చాటున, తర్వాత మొహంమీదే.

బండి తిరిగొచ్చింది గాని, ఆ కాలితో డ్రైవరు క్లచ్చి తొక్కలేడు. అమ్మేశారు. తోపుడుబండి అలాగే ఉండిపోయింది. మెకానిక్ కూడా.

తీర్పు వచ్చిన రెండు నెలలకి, ఒక ఉదయం అతనూ, డ్రైవరు భార్యా బండి తోసుకుంటూ వంతెన దిగుతున్నారు. కింద మలుపులో ఆవిడ నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. అతని కోసమే వచ్చిందో, రోజూ ఆ వేళకి అక్కడికే వస్తుందో తెలియదు. బండికి అడ్డంగా వచ్చి ఆగింది. ఇద్దరూ కాళ్ళు తన్నిపెట్టి బండి ఆపారు.

"ఇది ఆఖరుసారి. ఇంక అడగను" అంది. "నిజం చెప్పు బాబూ. ఏమీ కనిపించలేదా?"

"లేదమ్మా."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా. ఏమీ కనిపించలేదు."

ఆవిడ అతని కుడికన్నులోకి చాలాసేపు చూసింది. ఈసారి అతను చూపు తిప్పుకోలేదు.

"అయితే ఎవరూ చూడలేదన్నమాట" అంది మెల్లగా. "అది ఇక్కడ పడినప్పుడు, ఎవ్వరూ."

అతను ఏదో అనబోయాడు. వాలు మీద బండి జారింది. రెండు చేతులూ అడ్డం పెట్టి పట్టుకున్నాడు. ఆవిడ చూపు అప్పుడు రెండోవైపున్న మనిషి మీద పడింది. చెమటకి తడిసిన జాకెట్టు, తలమీద చుట్టకుదురు, పగిలిన చేతులు. ఎవరో తెలిసిపోయింది. ఆవిడ పెదాలు కదిలాయి.

డ్రైవరు భార్య ఆ మాట బయటికి రానివ్వలేదు.

"పక్కకి జరగండి" అంది. "బండి పోవాలి."

ఆవిడ జరిగింది. వాళ్ళు బండి వదిలి, మళ్ళీ పట్టుకుని, డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే మలుపు తిప్పారు. వాలు ఇంకా ఉంది. అతను వెనక్కి చూడ్డానికి లేకపోయింది.